మే ఎండల్లో విశాఖ నుంచి కొండ మీది కాటేజీకి: ఎలా ప్లాన్ చేసుకోవాలి

ఏప్రిల్ సగం దాటగానే అందరూ అడిగేది ఒకటే. "ఈ ఉక్కపోత భరించలేకపోతున్నాం. అరకులోనో లంబసింగిలోనో రెండు రోజులు కాటేజీ తీసుకుంటే చల్లగా ఉంటుందా?"

ఉంటుంది, కానీ ఫొటోల్లో చూసినంత కాదు. డిసెంబరులో తీసిన మంచు ఫొటోలు చూసుకుని మే నెలలో బయలుదేరినవాళ్లే తిరిగొచ్చి తిట్టుకుంటారు. వేసవిలో ఆ కొండల మీద దొరికేవి చల్లని రాత్రి, చల్లని తెల్లవారుజాము. పగలు పన్నెండు నుంచి మూడున్నర దాకా అక్కడా ఎండే.

కారణం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే సగటున ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. అరకు లోయ సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. కానీ సముద్రం పక్కనే ఉండడం వల్ల విశాఖలో పగటి వేడి మామూలు రోజుల్లో 34, 35 దగ్గరే ఆగుతుంది. మనల్ని చంపేది వేడి కన్నా తేమ. అందుకే పగలు రెండు ఊళ్లకీ అంకెల్లో పెద్ద తేడా ఉండదు. చీకటి పడ్డాక మాత్రం విశాఖ 28 దగ్గరే ఉడుకుతూ ఉంటే కొండ మీద గాలి చల్లబడిపోతుంది. ఒళ్లు జిడ్డుగా ఉండదు, హాయిగా నిద్ర పడుతుంది. పడమటి గాలులు వీచి సముద్రపు గాలి ఆగిపోయిన రోజుల్లో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, విశాఖ కూడా 40 దాటుతుంది. పగలు కూడా కొండకీ నగరానికీ తేడా బాగా తెలిసేది ఆ రోజుల్లోనే.

కాబట్టి రాత్రులు ఎక్కువ కలిసొచ్చేలా ప్లాన్ వేసుకోండి. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేసే ట్రిప్ మేలో దండగ. కనీసం రెండు రాత్రులు ఉండాలి.

వెంట ఉండాల్సినవి

- పల్చటి కాటన్ బట్టలు, సాయంత్రానికి పొడుగు చేతులవి ఒక జత. స్వెటర్లు పిల్లలకూ పెద్దవాళ్లకూ ఒక్కొక్కటి చాలు. పెట్టె నిండా ఉన్ని బట్టలు సర్దకండి.
- దోమల మందు, వీలైతే మడతపెట్టే దోమతెర. దీన్ని మాత్రం మర్చిపోకండి.
- టార్చి, పవర్ బ్యాంక్. ఈదురుగాలి వస్తే కరెంటు పోతుంది.
- నగదు. సిగ్నల్ లేని చోట యూపీఐ పనిచేయదు.
- రోజూ వేసుకునే మందులు రెండు రోజులకు సరిపడా అదనంగా, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, వాంతుల మాత్రలు. ఇన్సులిన్ వాడేవాళ్లు చల్లటి పౌచ్‌లో పెట్టుకోవాలి. పార్క్ చేసిన కారులో వదిలేయొద్దు.
- గొడుగు. ఎండకీ అదే, సాయంత్రం వానకీ అదే.

1. తేదీ ఖాయం చేసుకోండి

వీలుంటే సోమవారం నుంచి గురువారం మధ్య వెళ్లండి. శని, ఆదివారాల్లో అనంతగిరి ఘాట్‌లో కార్ల వెనక కార్లు నిలిచిపోతాయి. ఎండలో గంటసేపు ఘాట్ మీద ఇరుక్కుంటే వెళ్లిన పనే చెడుతుంది. రేట్లు కూడా వారాంతంలోనే ఎక్కువ.

బయలుదేరే ముందు రోజు వాతావరణ శాఖ సూచన చూడండి. అందులో చూడాల్సింది ఎండ గురించి కాదు, ఉరుములూ మెరుపులూ ఉన్నాయా అని. ఏప్రిల్, మే నెలల్లో ఏజెన్సీలో, అంటే ఈ గిరిజన కొండ ప్రాంతంలో, మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టి వాన పడడం మామూలే. అలాంటి వాన పడిన రాత్రి కొండ మీద ఉన్నామంటే అదృష్టమే. కానీ వాన పడే వేళకి మనం రోడ్డు మీద ఉండకూడదు.

2. ఊరు ఎంచుకోండి

అందరికీ ముందు గుర్తొచ్చేది అరకు. విశాఖ నుంచి సుమారు 115 కిలోమీటర్లు, పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా దారి. హోటళ్లు, మందుల షాపులు, ఏటీఎంలు అన్నీ ఉంటాయి. పెద్దవాళ్లను, చంటిపిల్లలను తీసుకెళ్తుంటే ఇదే నయం. కాకపోతే లోయ అడుగున ఊరి మధ్యలో రూం తీసుకుంటే పగలు చెట్ల నీడ అంతగా ఉండదు.

నన్నడిగితే అనంతగిరి నుంచి సుంకరిమెట్ట వరకు ఉన్న భాగమే మేలు. గాలికొండ వ్యూ పాయింట్ దాటాక రోడ్డు మళ్లీ కిందికి దిగి అరకు లోయలోకి వెళ్తుంది. అంటే అరకు కన్నా ఎత్తైన చోటును మీరు దారిలోనే వదిలేసి వెళ్తున్నారన్నమాట. పైగా అక్కడంతా కాఫీ తోటలు. అక్కడ కాఫీని నీడలోనే పెంచుతారు కాబట్టి పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని మిరియాల తీగలు ఉంటాయి. ఆ నీడ మనకూ పనికొస్తుంది. అనంతగిరిలో పర్యాటక శాఖ హరిత రిసార్ట్ ఉంది.

లంబసింగి గురించి ఎక్కువమంది అడుగుతారు. నర్సీపట్నం మీదుగా వెళ్లాలి. ఎత్తు సుమారు వెయ్యి మీటర్లు. సున్నా దగ్గరికి పడే చలి, పొగమంచు, అవన్నీ డిసెంబరు, జనవరి ముచ్చట్లు. మేలో అవేమీ ఉండవు. ప్రశాంతత కావాలి, తాజంగి చెరువు గట్టున సాయంత్రం కూర్చుంటే చాలు అనుకునేవాళ్లు వెళ్లొచ్చు. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద కనిపించే మేఘాల సంగతీ అంతే, దానికి చలికాలమే సీజన్.

టైడాలో పర్యాటక శాఖవాళ్ల చెక్క కాటేజీలున్నాయి, పేరు జంగిల్ బెల్స్. చెట్ల మధ్య బాగుంటుంది. కానీ ఘాట్‌లో కిందివైపే ఉంటుంది కాబట్టి పైన ఉన్నంత చల్లదనం రాదు. అడవి కోసమైతే టైడా, చల్లగాలి కోసమైతే ఇంకా పైకి.

ఇవన్నీ చూసేసినవాళ్లకు ఇంకో దారి ఉంది. విశాఖ నుంచి అరకు వెళ్లే రైలు మార్గంలోనే ఇంకా ముందుకు వెళ్తే ఒడిశాలోని కొరాపుట్ వస్తుంది. అదీ ఎత్తు మీదున్న ఊరే, రద్దీ తక్కువ.

3. కాటేజీ బుక్ చేసే ముందు ఫోన్ చేయండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఫొటో చూసి, రేటు చూసి డబ్బు కట్టేస్తారు. వేసవిలో కాటేజీ పైకప్పు, అది ఏ దిక్కుకు తిరిగి ఉంది అన్నవే అన్నిటికన్నా ముఖ్యం.

ఈమధ్య ఎక్కడ చూసినా త్రిభుజం ఆకారపు కాటేజీలు కడుతున్నారు. ఫొటోలో అదిరిపోతాయి. కొన్నింటికి పైన రేకు, ముందు నిలువెత్తు అద్దం. ఆ అద్దం పడమరకు ఉందంటే సాయంత్రం నాలుగింటికి లోపల రొట్టెలు కాల్చుకోవచ్చు. పెంకుటిల్లు, తాటాకు కప్పు, లేదా రేకుల కింద మందంగా ఫాల్స్ సీలింగ్ వేసిన గది చాలా నయం. గుడారాల జోలికి మేలో అసలు పోవద్దు. పొద్దున ఎనిమిదింటికే లోపల ఉండలేరు, గాలివాన వస్తే అంతకన్నా కష్టం.

ఓనర్‌కో మేనేజర్‌కో ఫోన్ చేసి ఈ ప్రశ్నలు అడగండి:

- "పైకప్పు దేనిది? పెద్ద కిటికీ ఏ వైపుంది?"
- "ఎదురెదురు కిటికీలున్నాయా? వాటికి దోమల మెష్ ఉందా?" మెష్ లేకపోతే రాత్రి కిటికీ తీయలేరు. కిటికీ తీయలేకపోతే చల్లగాలి కోసం అంత దూరం వెళ్లి ఏం లాభం?
- "గదిలో ఫ్యాన్ ఉందా?" చలి ప్రదేశం కదా అని కొన్ని చోట్ల ఫ్యాన్ బిగించరు. మేలో పగలు అది కావాలి.
- "నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? ఇప్పుడు రోజంతా వస్తున్నాయా?" వేసవి చివరికి ఊటలు, బోర్లు తగ్గిపోతాయి.
- "కరెంటు పోతే ఇన్వర్టరా, జనరేటరా?"
- "కారు గది దాకా వస్తుందా, నడవాలా?" పెద్దవాళ్లున్నప్పుడు ఇది మొదటి ప్రశ్న.

వీటన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న ఇంకోటుంది. "నిన్న రాత్రి మీరు పడుకునేటప్పుడు దుప్పటి కప్పుకున్నారా, ఫ్యాన్ వేసుకున్నారా?" ఉష్ణోగ్రత ఎంత అని అడిగితే నోటికొచ్చిన అంకె చెబుతారు. ఈ ప్రశ్నకు మాత్రం మామూలుగా నిజమే వస్తుంది.

నిన్నో మొన్నో తీసిన వీడియో పంపమనండి. పచ్చగా మంచుతో మెరుస్తున్న ఫొటోలే మళ్లీ మళ్లీ పంపుతుంటే ఇంకో చోటు చూసుకోండి. అడ్వాన్స్ మొత్తం ఒకేసారి కట్టకండి. పేరు తెలియని వెబ్‌సైట్‌లో, ఫోన్‌లో మనిషి గొంతు వినకుండా అసలు కట్టకండి.

బడ్జెట్ తక్కువైతే గిరిజన కుటుంబాలు నడిపే హోమ్‌స్టేలు చూడండి. హంగులుండవు. కానీ మట్టి గోడలు, పెంకుల కప్పు ఉన్న ఇల్లు దొరికితే ఏసీ గది అక్కర్లేదు.

క్యాంప్ ఫైర్ ప్యాకేజీ అంటారు, వద్దనండి. ఎండ నుంచి పారిపోయి వచ్చి మంట చుట్టూ కూర్చోడానికి డబ్బులివ్వడమేంటి? పైగా ఆ నెలల్లో రాలిన ఆకులన్నీ ఎండి ఉంటాయి, ఒక్క నిప్పురవ్వ చాలు.

4. రైలా, కారా, బస్సా

అరకు మీదుగా వెళ్లే కిరండోల్ ప్యాసింజర్ విశాఖలో ఉదయం ఏడు లోపే బయలుదేరుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకు తేవడానికి 1960ల్లో వేసిన లైను ఇది, దారంతా సొరంగాలూ వంతెనలే. అద్దాల విస్టాడోమ్ బోగీ 2017లో వచ్చింది. దానికి ఏసీ ఉంటుంది కానీ వేసవి సెలవుల్లో టికెట్లు త్వరగా అయిపోతాయి, ముందే చేసుకోవాలి. మామూలు బోగీలో అయితే ఘాట్ మొదలయ్యేదాకా ఉక్కగానే ఉంటుంది.

రైలుతో చిక్కేమిటంటే అరకు చేరేసరికి పదకొండు, ఆలస్యమైతే పన్నెండు. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు దిగుతారు. స్టేషన్‌కి ఆటో, గది సిద్ధంగా ఉందో లేదో ఫోన్‌లో కనుక్కుని దిగండి. బొర్రా గుహలు చూసి వెళ్దామని లగేజీతో మధ్యలో దిగేవాళ్లుంటారు. సామాను పెట్టుకునే ఏర్పాటు ముందే చేసుకుంటే తప్ప ఆ పని చేయకండి.

కారైతే ఉదయం అయిదింటికే ఊరు దాటండి. ఏడున్నర లోపు ఎస్.కోట (శృంగవరపుకోట) దాటితే ఘాట్ అంతా చల్లటి వేళలోనే ఎక్కేస్తారు. దారిలో రోడ్డు పనులు జరుగుతుంటే దుమ్ము ఉంటుంది, పిల్లలకు మాస్కులు పెట్టుకోండి. బస్సులు విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి ఉంటాయి. మొదటి బస్సు పట్టుకోండి.

5. ఘాట్ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు

ముందు రోజే కూలెంట్, బ్రేకులు, టైర్లలో గాలి చూపించుకోండి. పెట్రోలు ఎస్.కోటలో నింపేయండి. ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడి ముల్లు పైకి లేస్తుంటే ఏసీ ఆపేసి కిటికీలు తెరవండి. ఇంకా తగ్గకపోతే వెడల్పైన చోట ఆపి చల్లారనివ్వండి. వేడిగా ఉన్న రేడియేటర్ మూత మాత్రం తీయకండి, మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి.

దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో దాదాపు ఆ గేరులోనే దిగండి. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దిగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. కాలిన వాసన వస్తే బ్రేకులు వేడెక్కాయని అర్థం, ఆపండి. మలుపు దగ్గర హారన్ కొట్టండి, ఎక్కే బండికి దారి వదలండి.

వాంతులయ్యేవాళ్లు ఖాళీ కడుపుతో కూర్చోకూడదు, నిండుగానూ తినకూడదు. రెండు ఇడ్లీలు చాలు. ముందు సీట్లో కూర్చోబెట్టి, ఫోన్ చూడనివ్వకండి. మాత్ర వేసుకునేదైతే ఘాట్ మొదలవ్వడానికి అరగంట ముందే వేసుకోవాలి.

6. చేరగానే

సామాను దించకముందే గదిలోకి వెళ్లి పైకప్పు కింద నిలబడండి. తలమీద సెగ తగులుతోందా? పడమటి గోడ మీద అరచెయ్యి పెట్టి చూడండి. కాలుతుంటే ఇంకో గది అడగండి. వారం మధ్యలో వెళ్లారు కాబట్టి ఖాళీలుంటాయి, మార్చి ఇస్తారు. కుళాయి, ఫ్యాన్, మెష్ అప్పుడే చూసుకోండి. రాత్రి పదింటికి చెబితే ఎవరూ రారు.

గది మార్చే వీలు లేకపోతే పగలంతా అద్దాల వైపు కర్టెన్లు మూసి ఉంచండి. దుప్పటి తడిపి ఆ కిటికీకి కట్టినా ఫరవాలేదు, అక్కడి గాలి మన తీరంలోలా తడిగా ఉండదు కాబట్టి బాగానే చల్లబడుతుంది. పొద్దు వాలాక అన్నీ బార్లా తెరిచేయండి.

7. రోజును రెండు ముక్కలు చేసుకోండి

తిరగడమంతా ఉదయం అయిదున్నర నుంచి పది దాకా, మళ్లీ నాలుగు నుంచి చీకటి పడేదాకా. మధ్యలో భోజనం, నిద్ర. బొర్రా గుహలు, కటికి జలపాతం, చాపరాయి వాగు, గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట అన్నీ ఒకే రోజులో చూపిస్తామనే జీపు ప్యాకేజీలు డిసెంబరుకి సరిపోతాయి. మేలో ఆ తిరుగుడు తిరిగితే సాయంత్రానికి తలనొప్పి ఖాయం.

తెల్లవారుజామున కాఫీ తోటల్లో నడవండి. తోట ఎవరిదో వాళ్లను అడిగి వెళ్లండి, కొమ్మలు విరవకండి. బొర్రా గుహలు మధ్యాహ్నానికి పెట్టుకోవచ్చు, ఎండ తగలదు. కానీ లోపల తేమ ఉంటుంది, మెట్లు చాలా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పైనే కూర్చోవడం మంచిది.

జలపాతాల మీద మేలో ఆశ పెట్టుకోవద్దు. కటికి సన్నటి ధారగా ఉంటుంది. చాపరాయి దగ్గర నీళ్లు తక్కువే కదా అని పిల్లల్ని దింపేస్తారు. ఆ బండలు నాచు పట్టి జారుతాయి, మధ్యలో లోతు గుంటలుంటాయి. పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్లు పెరుగుతాయి. ఒడ్డున కాళ్లు పెట్టుకుని కూర్చోండి, అంతే.

తినడానికి బొంగులో చికెన్ ఎలాగూ అడుగుతారు. మీ ముందే కాల్చి ఇచ్చే చోటే తినండి. పొద్దున్నుంచి డబ్బాలో ఉన్నది వేసవిలో వద్దు. పగలు రాగి అంబలి, మజ్జిగ తాగితే ఒంటికి మంచిది. చల్లగా ఉంది కదా అని నీళ్లు తాగడం మానేస్తారు చాలామంది. దాహం వేయకపోయినా తాగుతుండండి.

8. ఉరుము వినబడితే

ఉరుము వినిపించిందంటే పిడుగు పడే దూరంలోనే ఉన్నారని అర్థం. వ్యూ పాయింట్లు, ఒంటరి చెట్లు, చెరువు గట్లు వదిలి పక్కా భవనంలోకో కారులోకో వెళ్లండి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటికి రండి. దామిని యాప్ ఫోన్‌లో వేసుకుంటే దగ్గరలో పిడుగులు పడే సూచన తెలుస్తుంది, కానీ సిగ్నల్ లేని చోట దాన్ని నమ్ముకోలేం. ఆకాశం చూడండి. బైకు మీద వెళ్లిన కుర్రాళ్లకు ఇది రెండుసార్లు చెప్పాలి.

9. ప్లాన్ కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది

మొదటి రాత్రి రెండు దాటాక ఫ్యాన్ తగ్గించడానికి మీరే లేచారంటే చోటు సరైనదే. తెల్లవారాక దిండు చెమటతో తడిసి ఉంటే కిటికీలు మూసుకుని పడుకున్నారేమో చూడండి, ముందు ఆ తప్పు సరిచేసుకోండి. అయినా మారకపోతే మర్నాడు ఇంకా పైకి, చెట్లు ఎక్కువున్న చోటుకు మారిపోండి. అందుకే రెండు రాత్రులకీ ఒకే చోట పూర్తి డబ్బు కట్టొద్దంటాను. పిల్లల మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంటే నీళ్లు చాలడం లేదు, మర్నాటి తిరుగుడు తగ్గించండి.

10. తిరుగు ప్రయాణం

మధ్యాహ్నం వానల సంగతి చెప్పాను కాబట్టి పొద్దున దిగడమే క్షేమం. ఆరింటికి బయలుదేరితే ఎండ ముదరకముందే ఇల్లు చేరతారు. మబ్బు లేకపోతే మూడింటికి బయలుదేరినా పరవాలేదు, వెలుతురుండగానే ఘాట్ దిగిపోతారు. చీకట్లో మాత్రం వద్దు.

ఇంటికొచ్చాక ఇంకో పని ఉంది. ఏజెన్సీలో మలేరియా ఎక్కువ. తిరిగొచ్చిన నెల రోజుల్లోపు మీలో ఎవరికైనా చలితో జ్వరం వస్తే వైరల్ అని పారాసిటమాల్ మింగుతూ కూర్చోకండి. రక్త పరీక్ష చేయించుకుని, ఫలానా తేదీన అరకు వెళ్లొచ్చామని డాక్టరుకు మీరే చెప్పండి. ఆయన అడిగేదాకా ఆగొద్దు.